వైన్స్ బోర్డు కింద దొరకని వైన్

'వైన్స్' అన్న బోర్డు చూడని తెలుగువాళ్ళు ఉండరు. ఆ బోర్డు కింద నిలబడి వైన్ కొనుక్కున్న మనిషిని మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు. చిన్నప్పుడు నెల్లూరు నుంచి అమ్మమ్మ వాళ్ళ ఊరికి బస్సులో వెళ్తుంటే ప్రతి ఊరి మొదట్లోనూ ఒక బోర్డు, దాని ముందు ఇనప చువ్వల కిటికీ, కిటికీలోంచి లోపలికి దూరిన పది చేతులు. లోపల ఉన్నది బ్రాందీ, విస్కీ, బీరు. వైన్ ఒక్కటే ఉండేది కాదు. పేరు దానిది, వ్యాపారం వేరేవాళ్ళది. పాపం, ఏ తప్పూ చెయ్యకుండానే వైన్ మన భాషలో చెడ్డపేరు తెచ్చుకుంది.

పోయిన నెల ఇడ్లీపిండి పులవడం గురించి రాశాను కదా. ఈ నెల రాస్తున్నది దానికి కొనసాగింపు అనుకోండి. నవ్వకండి, నిజంగానే చుట్టరికం ఉంది, చెప్తాను.

దోహాలో మేముండే కాంపౌండులో మా పక్కిల్లు ఒక ఫ్రెంచి కుటుంబానిది. ఆవిడకి నా కంటే పదేళ్ళు ఎక్కువే ఉంటాయి. మా పిల్లలు ఒకే స్కూలు బస్సు ఎక్కుతారు కాబట్టి పొద్దున్నే అయిదు నిమిషాలు మాటలు. ఒకరోజు మా ఇంట్లోంచి వెళ్ళిన పోపు వాసనకి ఆవిడ తలుపు తట్టి, "ఏం వేయించావు? వాసన హాల్లో దాకా వచ్చింది, పేరు తెలియక చస్తున్నాను" అంది. ఇంగువ అని చెప్పి పోపులపెట్టె తీసి ఆవిడ ముందు పెట్టాను. ఒక్కో గిన్నె మీదా వంగి, కళ్ళు మూసుకుని, ఆవాలు, మెంతులు, జీలకర్ర, ఎండుమిర్చి అన్నీ వాసన చూసింది. మెంతుల దగ్గర చాలాసేపు ఆగింది. మర్నాడు నన్ను వాళ్ళింటికి పిలిచి, తన పోపులపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది.

అది పుస్తకం అంత పెద్ద పెట్టె. లోపల బొటనవేలంత సీసాలు, మొత్తం 54. దాని పేరు 'లె నే దు వాన్', అంటే వైన్ ముక్కు. జాన్ లెన్వార్ అనే ఆయన 1981లో మొదలుపెట్టాడట. వైన్‌లో దొరికే వాసనలని ఒక్కొక్కటిగా విడదీసి సీసాల్లో పెట్టాడు. నిమ్మ, అనాస, అరటిపండు, గులాబీ, తేనె, దాల్చినచెక్క, లవంగం, మిరియం, కుంకుమపువ్వు, కస్తూరి, అతిమధురం, వెన్న, కాఫీ, పొగ, తోలు. చిన్నపిల్లలకి అ ఆలు నేర్పినట్టు, వైన్ నేర్చుకునేవాళ్ళకి ముందు ఈ సీసాలతో ముక్కుకి అక్షరాభ్యాసం చేయిస్తారు. పెట్టెలో వైన్ చుక్క కూడా లేదు.

ఆవిడ ఒక్కో సీసా మూత తీసి లేబుల్ దాచి నాకిచ్చింది. నేను 20 సీసాల్లో 14 సరిగ్గా చెప్పాను. రాస్ప్‌బెర్రీ, బ్లాక్ కరెంట్ లాంటి మనం పెరట్లో ఎరగని పళ్ళ దగ్గర తడబడ్డాను గానీ, లవంగం, దాల్చిన, మిరియం, అతిమధురం లాంటివి క్షణంలో చెప్పేశాను. "నాకు ఇవన్నీ నేర్చుకోవడానికి ఆర్నెల్లు పట్టింది. నీకెలా వచ్చు?" అంది ఆవిడ. ఏం చెప్పాలి? పక్కగదిలో ఉండి పప్పు అడుగంటిందని చెప్పగల ముక్కులు మనవి. పాలు విరగబోతున్నాయని విరగకముందే తెలుస్తుంది. ఆవకాయ జాడీ మూత తీస్తే ఉప్పు చాలిందో లేదో నాలుక మీద పెట్టకుండా చెప్పే అమ్మమ్మలు మనకున్నారు. ఎవరూ మనకి సర్టిఫికెట్ ఇవ్వలేదు, అంతే.

ఇక్కడ ఖతర్‌లో కూడా ముక్కుకున్న మర్యాద చూస్తే ముచ్చటేస్తుంది. ఖతరీ ఇళ్ళకి పిలిస్తే, గహ్వా, ఖర్జూరాలు అయ్యాక చివర్లో నిప్పుల మీద ఊద్ చెక్క వేసిన ధూపపాత్ర తెస్తారు. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆ పొగని జుట్టుకీ, దుపట్టాకీ పట్టించుకుంటారు. మన తలంటు సాంబ్రాణి లాగే. 'ఊద్ వచ్చాక ఇక కూర్చోవడం లేదు' అని ఇక్కడివాళ్ళకో సామెత, అంటే ఇంక బయల్దేరొచ్చని మర్యాదగా చెప్పడం. వైన్ నిషిద్ధమైన మతంలో, వాసనకి ఇంత పీట వేశారు. ఆల్కహాల్ అన్న మాట కూడా అరబ్బీలోంచి పుట్టిందే. 'అల్ కుహ్ల్' అంటే కంటికి పెట్టుకునే కాటుక. మెత్తగా నూరిన పొడికి వాడే మాట, తర్వాత ఏ పదార్థం నుంచైనా తీసిన సారానికి వాడుకలోకి వచ్చి, యూరప్‌ వెళ్ళి చివరికి మద్యానికి స్థిరపడింది. మనం పిల్లకి దిష్టిచుక్క పెట్టే కాటుకా, ఆ సీసాలో ఉన్నదీ ఒకే మాట.

ఇప్పుడు పాఠానికొస్తాను. మొదట నన్ను గాభరా పెట్టింది లేబుల్. ఫ్రెంచి వైన్ సీసా మీద ద్రాక్షరకం పేరు కోసం వెతికితే చాలాసార్లు దొరకదు. ఊరి పేరు ఉంటుంది. బోర్డో, బుర్గుండీ, శాన్సెర్, షాంపేన్, అన్నీ స్థలాలే. మనకిది కొత్తేం కాదు. బనగానపల్లి అంటే మామిడిపండు, బందరు అంటే లడ్డు, ఆత్రేయపురం అంటే పూతరేకులు. ఊరి పేరు చెప్తే చాలు, వస్తువు దానంతటదే నోట్లోకి వచ్చేస్తుంది. ఆ పేర్లని కాపాడ్డానికి మన దగ్గర జీఐ గుర్తింపు ఇస్తున్నారు. తిరుపతి లడ్డుకి 2009లో, బనగానపల్లి మామిడికి 2017లో, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో వచ్చింది. ఫ్రెంచివాళ్ళు ఈ పని 1935లోనే మొదలుపెట్టారు. ఫలానా ఊరి పేరు పెట్టుకోవాలంటే ఆ ఊరి హద్దుల్లోనే పండాలి, ఫలానా ద్రాక్షే వాడాలి, ఎకరానికి ఇంతకి మించి కాయించకూడదు, ఇలా ఒక్కో ఊరికీ ఒక్కో రూల్స్ పుస్తకం. అందుకే షాంపేన్ అనే ప్రాంతంలో తయారైన నురుగు వైన్‌కే ఆ పేరు. మిగిలినవి ఎంత నురగలు కక్కినా వేరే పేరు పెట్టుకోవాల్సిందే.

నేలకి రుచి ఉంటుందన్న ఆ నమ్మకానికి వాళ్ళ మాట 'తెర్వార్'. మట్టి, వాలు, ఎండ, వాన, మంచు అన్నీ కలిపి ఆ ఒక్క మాటలో పెట్టేశారు. మట్టి రుచి నేరుగా పండులోకి ఎక్కుతుందంటే నా బీఎస్సీ బుర్ర ఒప్పుకోదు. రాయి కరిగి రసంలోకి రాదు. కానీ నీళ్ళు నిలవని నేలలో తీగ ఎలా పెరుగుతుంది, రాత్రి చలికి పులుపు ఎంత మిగులుతుంది, కాయ ఎప్పుడు పక్వానికి వస్తుంది అన్నవి నేలని బట్టే మారతాయి. ఒకే బంగినపల్లి అంటుని తెచ్చి వేరే జిల్లాలో వేస్తే అదే పండు రాదని మా తాతయ్య పంతం పట్టి చెప్పేవాడు. ఆయన ఫ్రాన్సులో పుట్టాల్సినవాడు.

ఊళ్ళన్నీ ఒకేసారి నేర్చుకోవాలని కూర్చుంటే పిచ్చెక్కుతుంది. నాకు పట్టుబడ్డవి నాలుగైదు, అవే చెప్తాను.

బోర్డో అట్లాంటిక్ సముద్రం వైపు. అక్కడివాళ్ళు ద్రాక్షల్ని కలుపుతారు. కాబెర్నే సావిన్యోన్, మెర్లో, ఇంకో రెండు మూడు రకాలు, ఒకదాని లోటు ఇంకోటి పూడ్చేలా. మన సాంబారు పొడి లాగా, ధనియాలు ఇంత, కందిపప్పు ఇంత. బుర్గుండీ దీనికి పూర్తిగా తిరగేసి. ఎర్రదైతే చాలావరకు పినో న్వార్ ఒక్కటే, తెల్లదైతే ఎక్కువగా షార్డొనే ఒక్కటే. పక్కవాద్యం లేకుండా పాడినట్టు, తప్పు పోతే దాచుకోవడానికి ఏమీ ఉండదు. ధర కూడా అలాగే ఉంటుంది, దాని జోలికి మనం వెళ్ళొద్దు. రోన్ లోయ ఉత్తర భాగంలో సిరా అనే నల్లద్రాక్ష. జర్మనీ పక్కనున్న అల్సాస్‌లో మాత్రం దయతలచి లేబుల్ మీద ద్రాక్ష పేరు రాస్తారు. అక్కడి గెవుర్జ్‌ట్రామినర్ (నోరు తిరగడానికి నాకు వారం పట్టింది) గ్లాసు దగ్గరికి తెస్తే గులాబీ, లిచీ పండు వాసన గుప్పుమంటుంది. మన మసాలా వంటకి జోడీ ఏదని అడిగితే చాలామంది దీని పేరే చెప్తారు.

ఇక సొతెర్న్ కథ వింటే మన వంటింట్లో ఎవరూ నమ్మరు. బోర్డోకి దక్షిణాన శరత్కాలంలో పొద్దున పొగమంచు, మధ్యాహ్నం ఎండ. ద్రాక్షలకి బోట్రైటిస్ అనే బూజు పడుతుంది. కాయ ముడతలుపడి, బూడిదరంగు పులుముకుని, చూస్తే చెత్తబుట్టలో వెయ్యాలనిపిస్తుంది. కానీ ఆ బూజు కాయలో నీళ్ళు లాగేసి తీపిని చిక్కబరుస్తుంది. పండినవి పండినట్టు ఒక్కో కాయా చేత్తో ఏరి వైన్ చేస్తే, తేనె, ఎండు ఆప్రికాట్ వాసనలతో బంగారు రంగు వైన్ వస్తుంది. నేనైతే ఫ్రిజ్‌లో అలాంటి గుత్తి కనపడితే మావారిని కేకలేసి పారేయించేదాన్ని.

ఇడ్లీపిండి చుట్టరికం చెప్తానన్నాను కదా. ద్రాక్షని చిదిమితే ఈస్టు తీపిని తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ చేస్తుంది. ఇది ఇంటర్‌లో అందరం చదువుకున్నదే. కానీ చాలా వైన్లకి దాని తర్వాత రెండో ఘట్టం ఉంది. పచ్చి ఆపిల్‌లో ఉండే పదునైన మాలిక్ ఆమ్లాన్ని ఒక బాక్టీరియా తిని పెరుగులో ఉండే మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ బాక్టీరియాకి 1995 వరకూ పేరు ల్యూకోనాస్టాక్ ఈనోస్. మన ఇడ్లీపిండిని పొంగించేది ల్యూకోనాస్టాక్ మెసెంటరాయిడెస్. ఒకే ఇంటిపేరు! తర్వాత దానికి ఈనోకాకస్ అని వేరుకాపురం పెట్టించారనుకోండి, అయినా దాయాదులే. ఆ మార్పు జరిగేటప్పుడు పుట్టే డయాసిటైల్ వల్లే కొన్ని షార్డొనేల్లో వెన్న వాసన వస్తుంది. సిరాలో మిరియాల వాసనకి కారణం రోటండోన్ అనే పదార్థం, 2008లో ఆస్ట్రేలియాలో కనిపెట్టారు. మిరియాల్లో ఉన్నదీ అదే. దాన్ని అయిదుగురిలో ఒకరు ఎంత ప్రయత్నించినా పసిగట్టలేరట. మావారు ఆ ఒక్కరని తేలింది. చారులో మిరియాలు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో పన్నెండేళ్ళుగా చెప్పలేకపోవడానికి శాస్త్రీయ కారణం దొరికిందని ఆయన సంబరం.

రుచికి ఇంగ్లీషువాడు తంటాలు పడే మాట మనకి ఉగాది నాడే పళ్ళెంలో పెట్టి ఇస్తారు. వగరు. నల్లద్రాక్ష తొక్కలోనూ గింజలోనూ ఉండే టానిన్లు మన లాలాజలంలోని ప్రొటీన్లని పట్టుకుని ముద్ద కట్టిస్తాయి. నోరు పొడారిపోయి చిగుళ్ళు లాగినట్టు ఉంటుంది. జామపిందె, వక్క, పచ్చి అరటికాయ, అన్నిటికంటే నేరేడుపండు. ఎర్ర వైన్ ఎలా ఉంటుందని ఎవరైనా నన్ను అడిగితే, నాలుక ఊదాగా మారేదాకా నేరేడుపళ్ళు తిన్న మధ్యాహ్నం గుర్తుచేసుకోమంటాను. చిక్కటి టీ డికాక్షన్ వగరుని పాలు పోసి విరిచినట్టు, ఎర్ర వైన్ వగరుని వాళ్ళు చీజ్ తిని విరుస్తారు. రంగంతా తొక్కలోనిదే కాబట్టి, నల్లద్రాక్షని కూడా తొక్క తగలనీయకుండా మెల్లిగా పిండితే రసం తెల్లగానే వస్తుంది. షాంపేన్‌లో చాలావరకు నల్లద్రాక్షలే.

సరే, తాగావా లేదా అని అడుగుతున్నారు కదూ. వస్తున్నా.

ఇక్కడి నియమాలు ముందు చెప్పాలి, కొత్తగా దోహా వచ్చే అమ్మాయిలు పొరపాటు పడకుండా. దేశంలోకి సీసా తేవడానికి లేదు, విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. వీధిలో, పార్కులో, బీచిలో తాగడం నేరం. లైసెన్సు ఉన్న హోటళ్ళలో 21 ఏళ్ళు నిండినవాళ్ళకి పోస్తారు. ముస్లిములు కాని నివాసులు పర్మిట్ తీసుకుని ప్రభుత్వం అనుమతించిన దుకాణంలో కొనుక్కోవచ్చు. 2019 జనవరి నుంచి దాని మీద నూటికి నూరు శాతం పన్ను. రంజాన్ నెలంతా బంద్. 2022లో ప్రపంచ కప్పు ఇంకా రెండురోజుల్లో మొదలనగా స్టేడియాల దగ్గర బీరు అమ్మేది లేదని చెప్పేశారు, గుర్తుందా? తాగి బండి నడిపితే ఇంత తాగాను అంత తాగాను అన్న లెక్క ఉండదు, ఒక్క చుక్కయినా తప్పే.

మా పదో పెళ్ళిరోజుకి వెస్ట్ బేలో ఒక హోటల్‌కి వెళ్ళాం. నేను ఒక గ్లాసు అడిగాను, ఇద్దరం పంచుకుందామని. మొదటి గుక్క నచ్చలేదు. ఇంత కథ చెప్పి ఇదేమిటంటారేమో. నిజం అది. పుల్లగా, వగరుగా, గొంతులో వెచ్చగా. ఇంత డబ్బు పోసి కొన్నామే అని ఏడుపొచ్చింది, ఆ డబ్బుకి వారం కూరగాయలు వస్తాయి.

అప్పుడు పక్కింటావిడ చెప్పినవి ఒక్కొక్కటీ చేశాను. గ్లాసుని కాడ దగ్గర పట్టుకుని తెల్ల నాప్‌కిన్ ముందు వంచి రంగు చూశాను. తిప్పకుండా ఒకసారి, తిప్పాక ఒకసారి వాసన చూశాను. చిన్న గుక్క తీసుకుని, మింగకుండా నోరంతా తిప్పి, పెదవుల మధ్యనుంచి కాస్త గాలి పీల్చాను. మా అమ్మ ముందు చేస్తే చెంప పగిలేది, అంత చప్పుడు. కానీ రుచి అనుకునేదాంట్లో చాలా భాగం గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కే వాసనే, జలుబు చేసినప్పుడు ఏదీ రుచించనిది అందుకే. మింగాక ఊపిరి వదిలితే అప్పుడు తెలిసింది, మిరియాలు. ఆ వెనక పొగ, దాని వెనక ఎండిన నేరేడు. అది సిరా. ఇరవై నిమిషాలు ఆగి చూస్తే వాసన మారిపోయింది, గాలి తగిలి ఇంకేదో పువ్వు బయటికొచ్చింది. ఎర్ర వైన్ గది ఉష్ణోగ్రతలో ఉండాలంటారు గానీ ఆ గది పాతకాలపు ఫ్రెంచి గది, 16, 17 డిగ్రీలది. మన దోహా జూలై గది కాదు.

ఆ గ్లాసుతో నలభై నిమిషాలు కూర్చున్నాను. పెళ్ళయిన పదేళ్ళలో ఒక్క పదార్థంతో నలభై నిమిషాలు కూర్చున్నది అదే మొదటిసారి. మన సంగతి తెలుసు కదా. అందరూ తిన్నాక, స్టవ్ పక్కన నిలబడి, గిన్నె అడుగున మిగిలింది గరిటెతోనే నోట్లో వేసుకుంటాం. వండేటప్పుడు ఉప్పు చూసిన నాలుక, తినేటప్పుడు పనిచెయ్యదు. మల్లెపూలు జడలో పెట్టుకుంటాం, వాసన చూసేది పక్కన కూర్చున్నవాళ్ళు. మన ముక్కు, నాలుక ఇంటిల్లిపాదికీ కాపలా కుక్కలు. వాటిని మనకోసం కాసేపు వదిలిపెట్టడం నాకు ఒంటికంతా తెలిసిన సుఖం. అందులో సిగ్గుపడే మాట ఏముందో నాకు అర్థం కాలేదు. సగం గ్లాసు మిగిలిపోయింది, మావారు తాగేశారు, మిరియాలేవీ అంటూ.

ఇదంతా చదివి వైన్ ఒంటికి మంచిదట కదా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎంత తక్కువైనా క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. రొమ్ము క్యాన్సర్‌తో దానికున్న లంకె ఆడవాళ్ళం గుర్తుపెట్టుకోవాలి. గర్భంతో ఉన్నవాళ్ళు, మందులు వాడేవాళ్ళు వాసన దగ్గరే ఆగిపోవాలి. ఇంకో సంగతి, నిపుణుల మాటలకి మరీ బెదిరిపోకండి. 2001లో వచ్చిన ఒక పరిశోధనలో బోర్డోలో వైన్ చదువుకుంటున్న 54 మంది విద్యార్థులకి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, ఎర్ర వైన్‌కి వాడే మాటలే వాడి వర్ణించారు. కన్ను ముక్కుని అంత సులువుగా మోసం చేస్తుంది.

నాకు అడ్డుపడ్డది ఆరోగ్యం కాదు, అమ్మ.

మా అమ్మమ్మ ఊరు దూబగుంటకి మరీ దూరం కాదు. తొంభైల మొదట్లో అక్షరదీపం తరగతుల్లో పాఠం చదువుకున్న ఆడవాళ్ళు రోశమ్మ వెంట నడిచి సారా దుకాణం మూయించిన ఊరు అది. ఆ నిప్పు జిల్లా అంతా పాకింది. అమ్మమ్మ కూడా చీపురు పట్టుకుని వెళ్ళింది. 1993లో సారా పోయింది, 1995లో మొత్తం మద్యం పోయింది, 1997లో మద్యం తిరిగి వచ్చింది. మామయ్య మాత్రం తిరిగి రాలేదు. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, లివర్ పాడై ముప్ఫై నాలుగేళ్ళకి పోయాడు. మా ఇంట్లో 'మందు' అన్న మాట మాత్రలకి కూడా వాడరు. తెలంగాణలో బోనాలకీ దసరాకీ ఆడవాళ్ళు కూడా కల్లు తాగుతారని, అది తప్పు లెక్క కాదని మా కాంపౌండులో జగిత్యాల అక్క చెప్పినప్పుడు నేను నోరు తెరిచాను. అందరి ఇళ్ళూ ఒకటి కావు. మాది మాత్రం ఇలాంటిది. చిత్రమేమిటంటే చీపురు పట్టిన అమ్మమ్మే రోజూ రాత్రి రెండు చెంచాల ద్రాక్షారిష్టం తాగేది, నిద్ర బాగా పడుతుందని. దాంట్లో తనంతట తాను పుట్టిన ఆల్కహాల్ ఉంటుందని సీసా మీదే రాసి ఉంటుంది. అమ్మమ్మకి చదువు రాదు, చదివి చెప్పేంత ధైర్యం ఎవరికీ లేదు.

మొన్న డిసెంబరులో అమ్మ వచ్చింది. పక్కింటావిడ సెలవులకి ఊరెళ్తూ సీసాల పెట్టె నాకు ఇచ్చి వెళ్ళింది. దాచిపెట్టాలనే అనుకున్నాను. మూడోరోజు అమ్మ షెల్ఫు తుడుస్తూ తీసింది.

"ఏందే ఇది? సెంట్లా?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "వైన్ వాసనలు నేర్చుకునే పెట్టె అమ్మా" అన్నాను.

అమ్మ పెట్టెని బల్ల మీద పెట్టేసి చెయ్యి కొంగుకి తుడుచుకుంది. "నువ్వు తాగుతున్నావా?"

"ఒకసారి. సగం గ్లాసు."

ఇంకేం మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి కందిపచ్చడికి పప్పు వేయించడం మొదలుపెట్టింది. మిక్సీ చాలాసేపు తిరిగింది. ఆ రాత్రి నాతో కాకుండా మనవరాలితో మాట్లాడింది.

మర్నాడు మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే తనే పెట్టె తెచ్చుకుని సోఫాలో కూర్చుంది. "ఊరికే చూద్దామని" అంది. కళ్ళజోడు తీసేసింది, లేబుళ్ళు కనపడవు. లవంగం అంది. కరెక్టు. ఏలక్కాయ అంది, తప్పు, ఆ పెట్టెలో లేదు. అనాస, కాఫీ, కుంకుమపువ్వు. అతిమధురం దగ్గర నవ్వింది, "మీ తాత దగ్గుకి నమిలేవాడు" అంది. నేను బట్టలు పక్కన పెట్టి నేల మీద కూర్చున్నాను. నలభై సీసాలు అయ్యాయి. నా కంటే మూడు ఎక్కువే చెప్పింది.

ఒక సీసా దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మళ్ళీ చూసింది. "ఇది మన గడ్డివాము" అంది. లేబుల్ చూశాను, కోసిన ఎండుగడ్డి. కొన్ని వైన్లలో ఉంటుందని చెప్పాను.

"మీ మామయ్య తాగొచ్చి దాని కిందే పడుకునేవాడు. ఇంట్లోకి రాడు, నాన్నంటే భయం. తెల్లారి నేను కాఫీ తీసుకెళ్తే ఒళ్ళంతా ఈ గడ్డి వాసనే. సారా వాసన తర్వాత తెలిసేది."

సీసా మూత బిగించి, పెట్టెలో దాని గుంటలో దాన్ని పెట్టింది. కాసేపటికి మళ్ళీ తీసింది.